మాసిక కింద పేరు

2016 అక్టోబర్‌లో లినక్స్ కెర్నల్‌లో ఒక పాత లోపం బయటపడింది. దాని పేరు డర్టీ కౌ. మురికి ఆవు అన్నమాట. ఆవు బొమ్మతో దానికో గుర్తు కూడా తయారుచేశారు. నిజానికి ఆవుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. 'కాపీ ఆన్ రైట్' అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో ఆవు అవుతుంది, అంతే. భద్రతా లోపాల పట్టికలో దాని అసలు పేరు సి.వి.ఇ. 2016-5195. ఆ లోపాన్ని సరిచేసే పనిలో నేనూ ఉన్నాను. లోకానికంతటికీ సరిచేసింది లైనస్ టోర్వాల్డ్స్. నేను చేసింది ఆ సవరణని మా ఆఫీసులో వాడే ఒక పాత కెర్నల్‌కి సరిపోయేట్టు కత్తిరించి అతకడం. ఈ అతికే పనిని మా వాళ్ళు ప్యాచ్ వేయడం అంటారు. మా అమ్మ భాషలో మాసిక వేయడం.

ఇరవై ఏళ్ళకు పైగా నేను చేస్తున్నది ఈ మాసికల పనే. కంప్యూటర్‌లో మనకి కనిపించే ప్రోగ్రాములన్నిటి కిందా ఉండి, ఎవరికెంత మెమరీ ఇవ్వాలి, ఎవరు ఏ ఫైలు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అని చూసుకునేది కెర్నల్. అది సరిగ్గా పనిచేస్తున్నంత కాలం అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. మా పెద్దమ్మ ప్రతి సంక్రాంతికీ అడుగుతుంది, "ఈ ఏడు కొత్తగా ఏం తయారుచేశావే?" అని. ఏం చెప్పను? కొత్తగా ఏమీ చేయలేదు పెద్దమ్మా, ఉన్నది పాడవకుండా చూశాను. స్నేహితురాళ్ళు కొందరు దీన్ని ఇంటిపనితో పోలుస్తారు. చేస్తే కనబడదు, చేయకపోతే కనబడుతుంది అని. ఆ పోలిక నాకంత నచ్చదు. ఇంటిపనికి జీతం లేదు, నాకుంది, అదీ మంచి జీతమే. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ముందు నేను ఆ పోలిక చెప్పలేను. కానీ ఆ పనికీ ఈ పనికీ ఒకచోట మాత్రం పోలిక కుదురుతుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు లోపం ఏమిటో చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెబితే ఆఫీసు గొడవ రాసినట్టుంటుంది. లోపం ఎంత అందంగా ఉందో తెలిస్తే గానీ దాన్ని మూయడం ఎంత పనో తెలియదు.

కెర్నల్ మెమరీని పేజీలుగా పంచుతుంది. మామూలుగా ఒక్కో పేజీ 4096 బైట్లు. పదిమంది ఒకే ఫైలు చదువుతామంటే పదిమందికీ పది నకళ్ళు తీసి ఇవ్వదు. ఒకే పేజీని అందరికీ చూపిస్తుంది. ఎవరికి వాళ్ళకి అది తమ సొంత పేజీ అన్పిస్తుంది. వాళ్ళలో ఒకరు రాయబోయినప్పుడు మాత్రం ఆగమని చెప్పి, ఒక నకలు తీసి, "నీ రాతలు దీనిమీద రాసుకో" అని ఇస్తుంది. అసలుకి ఏమీ కాదు. రాసేదాకా నకలు తీయకపోవడమే కాపీ ఆన్ రైట్. మెమరీ ఎంతో మిగుల్తుంది. దీనిమీద నమ్మకంతోనే అన్ని ప్రోగ్రాములూ పక్కపక్కన బతుకుతాయి.

తాలూకాఫీసులో అడంగల్ ఉందనుకోండి. ఎవరైనా చూడొచ్చు. దిద్దే హక్కు లేదు. ఒకాయన వచ్చి "నేను దీంట్లో రాసుకోవాలి" అంటాడు. గుమాస్తా లేచి, ఆ పేజీ నకలు తీసి బల్లమీద పెట్టి, తన కాగితంలో "రాయడం" అన్న మాట కొట్టేసుకుంటాడు. నకలు తీయడం అయిపోయింది కదా, ఇక మామూలుగా చూడ్డానికి వచ్చిన మనిషి లాగానే చూస్తే చాలు అని. సరిగ్గా ఆ క్షణంలో ఆయన తోడల్లుడు కిటికీలోంచి చెయ్యిపెట్టి బల్లమీది నకలుని చించి పారేస్తాడు. గుమాస్తా తిరిగి చూస్తే బల్లమీద ఏమీ లేదు. ఈయన చూడ్డానికి వచ్చిన మనిషేనని కాగితంలో ఉంది. అందుకని అసలు అడంగల్ తీసి చేతికిస్తాడు. ఆయన కలం తీస్తాడు. ఊళ్ళో పొలం చేతులు మారిపోతుంది.

కెర్నల్‌లో జరిగింది అచ్చం ఇదే. చదవడానికి మాత్రమే హక్కున్న ఫైలుని ఒక ప్రోగ్రాం తన మెమరీలోకి సొంతానికని తెచ్చుకుంటుంది. రెండు దారాలు నడుపుతుంది. ఒకటి అందులో రాయమని కెర్నల్‌ని అడుగుతూ ఉంటుంది, రెండోది "ఈ నకలు నాకక్కర్లేదు, పారెయ్" అని చెబుతూ ఉంటుంది. వేలసార్లు, లక్షలసార్లు. ఎప్పుడో ఒకసారి రెండూ ఆ సందులో పడతాయి. పడ్డాయా, అసలు ఫైలు మారిపోతుంది. అది పాస్‌వర్డుల ఫైలు కావొచ్చు, సర్వాధికారంతో నడిచే ప్రోగ్రాం కావొచ్చు. ఆ యంత్రంలో మామూలు వాడుకరిగా అడుగుపెట్టిన వాడు క్షణాల్లో యజమాని అయిపోతాడు. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండేదీ లినక్సే కాబట్టి అవీ తప్పించుకోలేదు. 2017లో ఫోన్లలోకి దూరిన జ్నియు అనే దుష్ట ప్రోగ్రాం ఈ సందులోంచే పైకెక్కింది.

ఈ లోపం 2007లో వచ్చిన 2.6.22 కెర్నల్ నుంచీ ఉంది. తొమ్మిదేళ్ళు. ఫిల్ ఓస్టర్ అనే ఆయన తన సర్వర్‌కి బయటినుంచి వచ్చే వెబ్ సమాచారమంతా దాచిపెట్టుకునే అలవాటున్న మనిషి. ఎవరో దాడిచేసి వాడిన ప్రోగ్రాం ఆ దాచిన దాంట్లో దొరికింది. అంటే మంచివాళ్ళకి తెలిసేసరికి చెడ్డవాళ్ళు దాన్ని వాడుతూనే ఉన్నారన్నమాట.

లైనస్ రాసిన సవరణ ఇరవై వరుసలు కూడా ఉండదు. గుమాస్తా "రాయడం" అన్న మాట కొట్టేయకూడదు. దాని బదులు "నకలు తీశాను" అని పక్కన ఇంకో గుర్తు పెట్టుకోవాలి. పేజీ చేతికిచ్చే ముందు, ఇది నిజంగా నకలేనా అని చూసుకోవాలి. ఎలా చూసుకుంటాడు? పేజీకి డర్టీ గుర్తు ఉందో లేదో చూసి. నకలు తీసేటప్పుడే కెర్నల్ ఆ పేజీకి డర్టీ గుర్తు వేస్తుంది. ఆ గుర్తు ఉంటే నకలే. లేకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఈ డర్టీ అన్న మాటకి తెలుగులో నాకు మొదట తోచేది మురికి కాదు, మైల. మా నాయనమ్మ ఇంట్లో ఆ మూడు రోజులూ మూలగదిలో వేరే చాప, వేరే కంచం. మైల అన్న మాట మా ఇంట్లో ఆడవాళ్ళకీ, ఊళ్ళో కొన్ని కులాల వాళ్ళకీ వాడేవారు. ఆ మాట పడితే దూరంగా ఉండాల్సిందే. కెర్నల్‌లో డర్టీ అంటే అంత విషమేమీ లేదు. ఈ పేజీ మీద ఎవరో రాశారు, ఇందులో ఉన్నది ఇంకెక్కడా లేదు, పారేయొద్దు అని. మెమరీ చాలనప్పుడు కెర్నల్ ముందు వదులుకునేది శుభ్రమైన పేజీలని. వాటి అసలు డిస్కులో ఉంటుంది కదా. మైలపడ్డ పేజీని మాత్రం జాగ్రత్తగా దాచాకే కదుపుతుంది. ఈ సంగతి ఇరవై మూడేళ్ళప్పుడు మొదటిసారి చదివి నేను నవ్వుకున్నాను. నవ్వెందుకో పక్క సీటు అబ్బాయికి చెప్పలేకపోయాను. చివరికి ఈ లోపానికి మందు కూడా ఆ మైల గుర్తులోనే దొరికింది.

లైనస్ ఆ సవరణతో పాటు రాసిన చిన్న వివరణ నాకు ఆ సవరణ కన్నా ఎక్కువ గుర్తుంది. ఇది పురాతనమైన లోపమని, పదకొండేళ్ళ కింద తానే దీన్ని సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయానని రాశాడు. 2005లో చేసిన ఆ సవరణ ఎస్390 అనే ఐబీఎం పెద్దయంత్రాల మీద ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీసేశారు. ఆ యంత్రాల డర్టీ గుర్తు వ్యవహారం వేరుగా ఉండేది. ఆ ఇబ్బంది తర్వాత తీరిపోయింది గానీ, తీరింది కదా అని వెనక్కి వచ్చి దీన్ని చూసినవాళ్ళు లేరు. ఈలోపు కెర్నల్‌లో మెమరీ చూసుకునే భాగం ఇంకా పెద్ద ఎత్తున పనిచేసేట్టు మెరుగుపడింది. అప్పట్లో కాగితం మీద మాత్రమే జరగగలదనుకున్నది నిజంగా జరగడం మొదలైంది. ఇదంతా ఆయన దాపరికం లేకుండా, శాశ్వతంగా ఉండిపోయే రికార్డులో రాశాడు.

కెర్నల్‌లో ప్రతి మాసిక కిందా పేర్లు రాసే పద్ధతి ఉంది. ఎవరు రాశారు, ఎవరు లోపం చెప్పారు, ఎవరు పరీక్షించారు, ఎవరు చదివి బాగుందన్నారు. 'సైన్డ్ ఆఫ్ బై' అన్న వరుస 2004 నుంచీ ఉంది. అంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, దీనికి నేను పూచీ అని సంతకం. డర్టీ కౌ సవరణ కింద ఫిల్ పేరు దగ్గర, కొటేషన్ గుర్తుల మధ్య 'పాల్ కాదు' అని కూడా ఉంది. పేరు పాల్ అని ఎవరూ పొరబడకూడదని కాబోలు అలా పెట్టారు. ఒక మనిషి పేరుకి అంత విలువిచ్చారు. ఆ కింద దాదాపు పదిమంది పేర్లున్నాయి. ఒక్క ఆడమనిషి పేరు లేదు. దానికి ఆ పదిమందిని తప్పుపట్టడం లేదు. లెక్క చెబుతున్నాను, అంతే.

ఇప్పుడు మా ఆఫీసు సంగతి. అది హైదరాబాద్‌లో, మాదాపూర్ వైపు ఉండే ఒక కంపెనీ. పెద్ద సంస్థల సర్వర్ గదుల్లో పెట్టుకునే డేటా నిల్వ యంత్రాలు తయారుచేసేది. ఇప్పుడు నేనక్కడ లేను. ఆ యంత్రాల్లో ఉండేది 2.6.32 కెర్నల్. అది వచ్చింది 2009 డిసెంబర్‌లో. ఆ వంశానికి బయట సవరణలు ఇవ్వడం 2016 మొదట్లోనే ఆపేశారు. కాబట్టి కొత్త సవరణ వస్తే దాన్ని వెనక్కి తెచ్చి అతికే పని మాదే. మా జట్టులో తొమ్మిదిమందిమి. ఇద్దరం ఆడవాళ్ళం. నేనూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అమ్మాయీ. ఆ అమ్మాయి చేరి అప్పటికి రెండేళ్ళు. పేర్ల గురించి రాస్తూ ఆమె పేరు రాయకపోవడం నాకే విడ్డూరంగా ఉంది. వద్దంది. కారణం కింద చదివితే మీకే తెలుస్తుంది.

వార్త వచ్చిన మర్నాడు పొద్దున్నే మీటింగ్. మా లీడ్ అప్పటికే బయట తిరుగుతున్న దాడి ప్రోగ్రాం తెచ్చి మా యంత్రం మీద నడిపించాడు. ఏమీ కాలేదు. "మనకి దెబ్బ లేదు" అన్నాడు. కస్టమర్లకి పంపాల్సిన ఉత్తరం కూడా తయారుగా ఉంది. మా ఉత్పత్తి మీద ఈ లోపం ప్రభావం లేదు అని.

నేను అది సరికాదన్నాను. బయట తిరుగుతున్న ప్రోగ్రాం రాయడానికి వాడుకునే దారి ఒకటుంది. ప్రోగ్రాం తన మెమరీని తానే ఒక ఫైల్లాగా తెరిచి అందులో రాసే దారి. 2.6.32లో ఆ దారికి తాళం వేసి ఉంది, ప్రమాదమని. ఆ తాళం తీసింది 2011లో వచ్చిన 2.6.39లో. అందుకే ఆ దాడి మా దగ్గర పనిచేయలేదు. గుమాస్తా తప్పు మాత్రం మా దగ్గరా అలాగే ఉంది. ఆ గుమాస్తా దగ్గరికి ఇంకో తలుపు ఉంది. పీట్రేస్ అంటారు. ఒక ప్రోగ్రాంలో తప్పులు వెతకడానికి ఇంకో ప్రోగ్రాం దాని మెమరీలోకి చెయ్యిపెట్టి చూసే, మార్చే ఏర్పాటు. దానికి మా దగ్గర తాళం లేదు. వీధి తలుపు మూసుందని చూసి వచ్చారు, పెరటి తలుపు చూశారా అని అడిగాను.

"నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావమ్మా" అన్నాడు లీడ్.

ఆయన నాకన్నా రెండేళ్ళు చిన్న. మామూలు రోజుల్లో నన్ను పేరుతోనే పిలిచేవాడు. మా ఆఫీసుల్లో అదే మర్యాద. ఈ అమ్మా అన్నది ఎప్పుడు బయటికొస్తుందో నేను కొన్నేళ్ళు గమనించాను. నేను చెప్పింది అర్థం కానప్పుడు రాదు. అర్థమయ్యాక వస్తుంది. తెలుగులో ఇంత ప్రేమగా, ఇంత గౌరవంగా మనిషి నోరు మూయించే మాట ఇంకోటి లేదనుకుంటా. తిరిగి ఏమంటాం? నన్ను అమ్మా అనొద్దు అనాలా? అంటే గయ్యాళి అంటారు.

మీటింగ్‌లో ఇంకెవరూ మాట్లాడలేదు. ఉత్తరం మర్నాటి దాకా ఆపండి, చూపిస్తాను అన్నాను. సరే, నీ తృప్తి కోసం అన్నారు.

ఆ సాయంత్రం నేనూ ఆ అమ్మాయీ కూర్చున్నాం. పీట్రేస్ దారిలో దాడిచేసే ప్రోగ్రాం రాయాలి. ఆలోచన నాది, రాసింది ఎక్కువ ఆమే. ఆమె చేతులు నాకన్నా వేగం. మొదట యంత్రం వేలాడిపోయింది. తర్వాత రెండు దారాలూ ఎంతకీ ఆ సందులో కలవలేదు. ఒక దారాన్ని ఒక ప్రాసెసర్‌కి, రెండోదాన్ని ఇంకో ప్రాసెసర్‌కి కట్టేసి చూద్దాం అక్కా అంది. పదకొండు కావస్తుండగా, చదవడానికి మాత్రమే హక్కున్న ఫైల్లో మేం రాసిన నాలుగక్షరాలు కనిపించాయి. యంత్రాన్ని మళ్ళీ శుభ్రం చేసి మళ్ళీ నడిపాం. మళ్ళీ వచ్చాయి. ఆమె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ అంతస్తులో మేం తప్ప ఎవరూ లేరు.

రాత్రి ఎనిమిది దాటాక ఆఫీసు నుంచి వెళ్ళే ఆడవాళ్ళు కింద సెక్యూరిటీ పుస్తకంలో సంతకం పెట్టాలి. పేరు, వెళ్ళే టైము, కారు నంబరు, తోడు వచ్చే గార్డు పేరు. మా క్షేమం కోసమే. మగవాళ్ళకి ఆ పుస్తకం లేదు. ఆ రాత్రి, ఆ తర్వాత రెండు రాత్రులూ మేమిద్దరం ఆ పుస్తకంలో సంతకాలు పెట్టాం. ఆ పని మేం చేశామని చెప్పే రాతపూర్వకమైన సాక్ష్యం లోకంలో అదొక్కటే. అదీ ఎప్పుడో చిత్తుకాగితాల్లోకి పోయి ఉంటుంది.

మర్నాడు చూపించాం. ఉత్తరం ఆగింది. ఆపినందుకు లీడ్ ఏమీ అనలేదు, అది మెచ్చుకోవాలి. కానీ "మనకి దెబ్బ లేదు" అన్న మాట ఎక్కడా నమోదు కాలేదు. గాలిలో అన్నమాట గాలిలోనే పోయింది. ఆ తర్వాత రెండు రోజులూ మాసిక పని. కొత్త కెర్నల్‌లో ఆ కోడ్ ఒక ఫైల్లో ఉంటే మా పాతదాంట్లో ఇంకో ఫైల్లో, ఇంకో ఆకారంలో ఉంది. కొత్త గుర్తుకి ఇచ్చిన సంఖ్య మా దగ్గర వేరే దేనితోనూ ఢీకొనకుండా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, సవరణ మొత్తం ఆధారపడింది మైల గుర్తు మీద కదా, మా పాత కెర్నల్ నకలు తీసే ప్రతి దారిలోనూ ఆ గుర్తు నిజంగా వేస్తోందా అని వరుస వరుసా చదవాలి. 2005లో వెనక్కి తీసేయాల్సి వచ్చింది ఇలాంటి నమ్మకం ఒక యంత్రం మీద చెల్లకపోబట్టే. చదివాం. వేస్తోంది. మాసిక వేశాం. మా దాడి ప్రోగ్రాంని రాత్రంతా నడిపించాం. పొద్దున్న ఫైలు చెక్కుచెదరలేదు.

కోడ్ లోపలికి పెట్టే హక్కు లీడ్‌కే ఉండేది. ఆయన పెట్టాడు. రాసినవాళ్ళు అన్నచోట ఆయన పేరు. సైన్డ్ ఆఫ్ బై ఆయన పేరు. మా ఇద్దరి పేర్లూ లేవు. లైనస్ మాసిక కింద ఉన్న పేర్ల వరుసని మాత్రం యథాతథంగా కాపీ చేశాడు. 'పాల్ కాదు'తో సహా.

వెళ్ళి అడిగాను. ఒక్క వరుసే కదా, పరీక్షించినవాళ్ళు అని అయినా ఆ అమ్మాయి పేరు పెట్టండి, లోపల పెట్టింది వెనక్కి తీసి దిద్దడం రెండు నిమిషాల పని అన్నాను. "టీమ్ పనే కదా, పేర్లదేముంది" అన్నాడు. ఈ మాట ఎప్పుడూ పేరున్నవాళ్ళే అంటారెందుకో. పై మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఇంత చిన్న విషయానికి ఇంత దూరం వచ్చావేంటన్నట్టు చూశాడు. ఇంటిపనితో పోలిక కుదిరేది ఇక్కడే. ఎంతమందికి వండావన్నది లెక్కలోకి రాదు, వడ్డించిన వాళ్ళు ఇంటి యజమాని చెయ్యి పెద్దదని చెప్పుకుంటారు.

లైనస్ రాసుకున్న వాక్యం నాకు అప్పుడే మనసులో పూర్తిగా దిగింది. తాను పదకొండేళ్ళ కింద సరిగ్గా చేయలేకపోయానని లోకమంతా చదివేచోట రాసుకోవడానికి ఒక ధైర్యం కావాలి, నిజమే. దానికి ఇంకోటి కూడా కావాలి. ఆ వాక్యం చదివినవాడు "అందుకే మగవాళ్ళకి కెర్నల్ రాదు" అనుకోడన్న నమ్మకం. ఆయన తప్పు ఒక తప్పుగానే మిగిలింది, ఆయన జాతి గుణం కాలేదు. పైగా పెద్దమనసనిపించుకుంది. మా లీడ్ పొరపాటు అసలు పుట్టనే లేదు. అదే మీటింగ్‌లో ఆ అమ్మాయి "దెబ్బ లేదు" అని ఉంటే? అయిదేళ్ళు ఆ మాట ఆమె వెనక నడిచేది. ఇదే లైనస్ ఇతరుల పొరపాట్ల మీద రాసిన కర్కశమైన మాటలూ అందరికీ తెలుసు. 2018 సెప్టెంబర్‌లో ఆయన తన ప్రవర్తనకి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. కెర్నల్ పనిలో ఎవరితో ఎలా మెలగాలో చెప్పే కొత్త నియమావళి వచ్చిందీ ఆ రోజుల్లోనే. అది ఆడవాళ్ళని మెప్పించడానికి తెచ్చారని వెక్కిరించిన మగవాళ్ళు నా చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ ఆ తిట్లు తిన్నవాళ్ళు కాదు.

పేరు పడకపోతే ఏమవుతుంది? జీతం వచ్చింది కదా? నా మటుకు నాకు పెద్దగా ఏమీ కాలేదు. అప్పటికే నాకు పదమూడేళ్ళ అనుభవం, నలుగురూ తెలుసు, వేరే చోట చేరాను. ఆ అమ్మాయి సంగతి వేరు. 2018లో పెళ్ళయింది. భర్త ఉద్యోగం పూనేలో. వెళ్ళింది. పాప పుట్టింది. కోవిడ్ వచ్చింది. అయిదేళ్ళు గడిచాయి. 2023లో మళ్ళీ ఉద్యోగాలకి తిరగడం మొదలుపెట్టింది. కెర్నల్ పనికి ఇంటర్వ్యూ అంటే అడిగే మొదటి ప్రశ్న, మీ ప్యాచ్‌లు చూపించండి అని. డర్టీ కౌ సవరణని 2.6.32కి తెచ్చిన జట్టులో ఉన్నాను, దాడి ప్రోగ్రాం నేనే రాశాను అని చెప్పింది. లినక్స్ లైసెన్సు ప్రకారం ఆ కోడ్ అడిగినవాళ్ళకి ఇవ్వాల్సిందే కాబట్టి అది బయటే ఉంది. ఇంటర్వ్యూ చేసేవాడు చూశాడు. అందులో ఇంకెవరిదో పేరు. "ఓ, మీరు టెస్టింగ్‌లో ఉండేవారా?" అన్నాడట. ఆమె ఫోన్‌లో నాకీ మాట చెబుతూ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

ఖాళీ వచ్చిన మగవాడికి ఆ ఇబ్బంది ఉండదా అంటే ఉంటుంది. అయిదేళ్ళ ఖాళీ ఎందరు మగవాళ్ళకి వస్తుందన్నదే నా ప్రశ్న. నడిచే ఉద్యోగం ఉన్నంతకాలం మన పని చూసిన మనుషులు చుట్టూ ఉంటారు. ఆగిపోయాక మిగిలేది ఆ రాసిన వరుస ఒక్కటే.

ఈలోపు ఆ మాసిక కథ కూడా సాఫీగా సాగలేదు. 2017 నవంబర్‌లో పెద్ద పేజీల దగ్గర అదే సందు మళ్ళీ తెరుచుకుంది. అక్కడ చదవడానికి ముట్టుకున్నా మైల గుర్తు పడిపోతోంది. గుర్తు అబద్ధమాడితే దాన్ని నమ్మిన సవరణ ఏం చేస్తుంది? 2022లో ఇంకో మూల నుంచి అలాంటిదే ఇంకోటి బయటపడింది. అప్పుడు డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ అనే ఆయన, 2016లో పెట్టిన ఆ 'నకలు తీశాను' గుర్తునే పూర్తిగా తీసేసి, పేజీ నిజంగా ఈ ఒక్కరికే చెందిందా అని నేరుగా చూసే పద్ధతి పెట్టాడు. మాసిక మీద మాసిక వేసి, చివరికి మొదటి మాసిక విప్పేశారన్నమాట. ఈ ప్రతి అడుగూ, ఎవరు ఎందుకు వేశారో ఎవరు ఎందుకు విప్పారో, రికార్డులో ఉంది. కాబట్టే నేనీ కథ మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆఫీసు మూడు రాత్రులూ ఆ రికార్డులో లేవు. అవి నేను చెబితేనే ఉన్నట్టు.

ఔట్‌రీచీ అనే కార్యక్రమం ఒకటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి ఆడవాళ్ళని తేవాలని మొదలైంది. 2013లో కెర్నల్ పని కూడా అందులో చేరింది. దాని ద్వారా వచ్చిన వాళ్ళ మొదటి మాసికలు చాలావరకు చాలా చిన్నవి. ఒక వరుస సర్దడం, వాడని మాట తీసేయడం. ఇవేం పనులని కొందరు పెదవి విరుస్తారు. విరవొచ్చు. కానీ ఆ చిన్న మాసిక కింద వాళ్ళ పేరుంటుంది.

ఆ అమ్మాయి ఏ కార్యక్రమంలోనూ చేరలేదు. పోయిన సంవత్సరం పాప నిద్రపోయాక కూర్చుని పాత డ్రైవర్ల కోడ్ చదవడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో, మధ్యలో పని చెడితే ముందు తీసుకున్న మెమరీ తిరిగివ్వకుండానే వెళ్ళిపోయే దారి కనిపించింది. మామూలు తప్పు, అలాంటివి వందలుంటాయి. నాలుగు వరుసల సవరణ రాసింది. పంపే ముందు రాత్రి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, సంతకం దగ్గర ఏ పేరు పెట్టను?"

సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు ముందు, తన పేరు వెనక. పాస్‌పోర్టులో తన పేరు ముందు, భర్త ఇంటిపేరు వెనక. ఆధార్‌లో ఒట్టి పేరు, ముందు ఒక పొడి అక్షరం. బ్యాంకులో ఇంకోటి. అసలు పేరే రాయాలన్న పాత నియమాన్ని కెర్నల్ వాళ్ళు 2023లో కొంచెం సడలించారు. నలుగురూ గుర్తుపట్టే పేరైతే చాలు, అనామకంగా మాత్రం పంపకూడదు అని. ఆ సంగతి చెప్పాను. మరి నన్ను గుర్తుపట్టేవాళ్ళెవరున్నారక్కా అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. పాప నిద్రలో కలవరిస్తే వెళ్ళి చూసొచ్చింది.

చివరికి ఇంటిపేర్లు రెండూ వదిలేసి, తన పేరూ, దాని పక్కన వాళ్ళమ్మ పేరూ పెట్టింది. వారం తర్వాత జవాబొచ్చింది. ఒక వరుస పైకి జరపమన్నారు. జరిపి పంపింది. తీసుకున్నారు. ఆ డ్రైవర్ వాడే కార్డు నా దగ్గర ఒకటుంది. పాతది. పెట్టెలోంచి తీసి, దుమ్ము దులిపి, యంత్రంలో పెట్టి, ఆ దారి తెరుచుకునేట్టు కావాలని చెడగొట్టి చూశాను. మెమరీ తిరిగొచ్చింది. ఆమె సంతకం కింద 'టెస్టెడ్ బై' అని నా పేరు చేర్చారు. నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దమని రాశాను.